అరిగిన డాగర్‌బోర్డ్, వదులైన చుక్కాని: నల్లగొండలో చేసిన రిపేరు

నేను నల్లగొండలో వడ్రంగి పని చేస్తాను. తలుపులు, మంచాలు, దేవుడి మందిరాలు మా షాపులో ఎక్కువగా నడిచే పని. పాలిష్ కూడా మేమే వేస్తాం. పడవల సంగతి నాకు తెలిసింది మా అక్క కూతురి వల్ల. వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. పిల్ల హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. తను నడిపేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం గీసిన డిజైను అది. పొడవు 2.3 మీటర్ల పైచిలుకు, ఒకటే తెరచాప, ఎక్కేది ఒక్కరే. చాలా దేశాల్లో పిల్లలు ఈ పడవతోనే మొదలుపెడతారట.

ఆ పడవ డాగర్‌బోర్డ్, చుక్కాని రెండూ పాడయ్యాయి. కొత్తవి కొనాలంటే ఖరీదు, బయటి నుంచి తెప్పిస్తే ఎప్పుడొస్తాయో చెప్పలేం. వేసవి సెలవులకు వస్తూ అక్కావాళ్లు కారు డిక్కీలో వేసుకొచ్చారు. "మామయ్యా, ఇవి చెక్కవే కదా, నువ్వు చేసిపెట్టు. వానాకాలం పోటీలకు కావాలి" అంది పిల్ల.

డాగర్‌బోర్డ్ అంటే పడవ మధ్యలో ఉన్న సన్నటి గాడిలోంచి నీళ్లలోకి దించే పలక. దాని అవసరం ఏమిటో సోమశిల దగ్గరో జూరాల దగ్గరో పుట్టిలో ఎక్కినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పుట్టి అడుగు గుండ్రం, నీళ్లను పట్టుకునేది ఏమీ ఉండదు. తెడ్డు ఆపితే గాలి ఎటు తోస్తే అటు పోతుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది కూడా. తెరచాప పడవకు డాగర్‌బోర్డ్ తీసేస్తే దాని గతీ అంతే, గాలితోపాటు పక్కకు కొట్టుకుపోతుంది. పలక నీళ్లలో నిలబడి ఆ పక్క తోపును అడ్డుకుంటుంది. ఇటు నుంచి గాలి, అటు నుంచి నీళ్లు నొక్కితే, రెండు వేళ్ల మధ్య తడి చింతగింజ జారినట్టు పడవ ముందుకు జారుతుంది. ఎదురుగాలికి నేరుగా పోవడం ఏ తెరచాప పడవ వల్లా కాదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాలుగా తిరుగుతూ గాలి వచ్చే వైపుకు పోవాలి. ఆ ఒక్కో మలుపులో పడవ ఎంత పక్కకు జారిందన్నది పలక పట్టు మీద ఉంటుంది. చుక్కాని వెనక తగిలించే రెండో పలక. దారి తిప్పడం దాని పని, పక్కకు జారకుండా పట్టుకోవడంలో అదీ కొంత భారం మోస్తుంది.

అందుకే వీటిలో అంచులే ప్రాణం. ముందు అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే నీళ్లు రెండు పక్కలా పలకను అంటిపెట్టుకుని పారతాయి. అక్కడ పెచ్చు లేస్తే నీళ్లు పలకను వదిలేసి సుడులు తిరుగుతాయి, పట్టు పోతుంది. పెద్ద పడవల పలకలకు విమానం రెక్కల కోసం కట్టిన లెక్కలే వాడతారు. నాకా (NACA) 0012 అనే రెక్క ఆకారం ఒకటుంది. దాంట్లో మందం వెడల్పులో 12 శాతం, అన్నిటికంటే మందమైన చోటు ముందు అంచు నుంచి 30 శాతం దూరంలో ఉంటుంది. ఆప్టిమిస్ట్ పలకకు అంత లెక్క లేదు. మధ్యలో అంతా ఒకే మందం, అంచుల దగ్గర మాత్రం వాలు. అయితే పోటీలో దించే పడవ కనుక దానికి క్లాస్ రూల్సు, అంటే ఆ రకం పడవలన్నిటికీ వర్తించే నియమాలు, ఉన్నాయి. మందం ఎంత, వెడల్పు ఎంత, వాలు ఎక్కణ్నుంచి మొదలవ్వాలి, అన్నిటికీ హద్దులున్నాయి. మనకు తోచినట్టు సన్నగా చెక్కేస్తే పోటీలో పనికిరాదు. ఆ మాట వాళ్ల కోచ్ ఫోన్‌లో గట్టిగా చెప్పారు. బాగున్న ఇంకొక జత పలకల్ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి, మందం ఎక్కడెక్కడ ఎంతో రాసి పంపారు. నేను ఉలి పట్టకముందే ఆ కాగితం చూసి అంచుల ఆకారానికి సన్‌మైకా ముక్కతో ఒక అచ్చు కోసుకున్నాను. పని పూర్తయ్యేదాకా ఆ అచ్చు నా జేబులోనే ఉంది.

ఇక వచ్చిన సరుకు పరిస్థితి. డాగర్‌బోర్డ్ కింది కొస అరిగి వంకరైపోయింది. ఒడ్డుకు వచ్చేటప్పుడు లోతు తగ్గుతుంది, పలకను పైకి లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే అడుగున ఉన్న రాయికో కడ్డీకో గుద్దుకుంటుంది. పిల్లల పడవల పలకలన్నీ దాదాపు అక్కడే పోతాయి. కొస దగ్గర ప్లైవుడ్ పొరలు విడిపోయాయి, బొటనవేలితో నొక్కితే నీళ్లు ఊరాయి. వెనక అంచుకు పెచ్చులు లేచాయి. పడవ అడుగు నుంచి పలక బయటికొచ్చే చోట రాపిడికి వార్నిష్ పోయి చెక్క నల్లబడింది. అంతకుముందు ఎవరో కొసకు కార్ల డెంటింగ్‌లో వాడే లప్పం పెట్టి పైన ఎనామిల్ రంగు వేశారు. లప్పం గోకి తీస్తే కింద చెక్క మెత్తగా, పుల్లటి వాసన వేస్తూ ఉంది. తడి ఆరకుండానే మూసేశారు, ఆ తడి లోపలే ఉండి చెక్కను తినేసింది.

చుక్కాని పలక చూపుకు బాగానే ఉంది. జబ్బంతా బోల్టుల దగ్గర. పడవ వెనక తగిలించే స్టీలు కొక్కేలు పలకకు బోల్టులతో బిగించి ఉంటాయి. బోల్టు దూరే కన్నాలు కోలగా సాగిపోయాయి, చుట్టూ నల్లటి మరక వేలెడు దూరం పాకింది. గాలి ఎక్కువైనప్పుడు చేతిలో టిల్లర్ (చుక్కానిని తిప్పే పిడికర్ర) వణుకుతోందనీ, జుయ్‌మని చప్పుడొస్తోందనీ పిల్ల చెప్పింది.

ముందుగా నాకు కావలసింది ఫైబర్ గుడ్డ (గాజు నూలు గుడ్డ), దాన్ని అంటించే రెసిన్ గురించి చెప్పేవాళ్లు. మా నల్లగొండ జిల్లాలో పడవ రిపేరు తెలిసినవాళ్లు కావాలంటే నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ వైపు వైజాగ్ కాలనీకి పోవాల్సిందే. ఎప్పుడో ఉత్తరాంధ్ర నుంచి చేపల వేట కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊరు అది. దేవరకొండ దాటి గుట్టల మధ్య దారి. ఇప్పుడు జనం ఆదివారాలు చేపల వేపుడు తినడానికి పోతున్నారు గానీ, పడవ పని చూడాలన్నా చూడాల్సిన చోటే. అక్కడ ఒక పెద్దాయన పలక చేతిలోకి తీసుకుని, తిరగేసి, నాలుకతో తాకి చూశారు. "దీన్లో తడి ఉంది బాబూ. తడి కర్ర మీద రెసిన్ ఎయ్యకు. పైకి అంటుకున్నట్టే ఉంటాది, లోన కుళ్లిపోద్ది. ఆరబెట్టడమే సగం పని" అన్నారు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఆరబెట్టడానికి ముందు బోల్టులు, కొక్కేలు, పైన పట్టుకునే చెక్కలు అన్నీ విప్పేశాను. మంచినీళ్లతో కడిగి, పాత రంగూ లప్పం మొత్తం గీకేశాను. పైన రంగు పొర ఉంటే తడి బయటికి రాదు. ఎండలో మాత్రం పెట్టలేదు. అప్పుడు రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. ఆ ఎండలో ప్లైవుడ్ పెడితే పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉండి పలక మెలి తిరుగుతుంది. షాపు వెనక నీడలో రెండు దూలం ముక్కల మీద పడుకోబెట్టి, గాలి రెండు వైపులా తగిలేటట్టు ఫ్యాన్ పెట్టాను. ఆరిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పడం కుదరదు. పక్క కిరాణా కొట్టులో తూకం మిషన్ ఉంది, వారానికోసారి తీసుకుపోయి తూచి, పలక మీదే పెన్సిల్‌తో బరువు రాసేవాణ్ని. మొదట్లో బాగా తగ్గింది, తర్వాత మెల్లగా, ఆ తర్వాత ఆగిపోయింది. రెండు తూకాలు ఒకేలా వచ్చాకే రందా చేతికి తీసుకున్నాను.

ఆరిన తర్వాత మెత్తబడ్డ చెక్క అంతా ఉలితో తీసేశాను. కుళ్లు ఎంతవరకు పోయిందో తెలియాలంటే ఉలి మొనతో గుచ్చుతూ పోవాలి. మంచి చెక్క టిక్కుమంటుంది, చెడ్డది చప్పుడు చేయదు. కొస నుంచి జానెడు దాకా తీయాల్సి వచ్చింది. అంత భాగాన్ని లప్పంతో నింపడం దండగ, చెక్కకు చెక్కే అతకాలి.

దీనికి షోరూముల్లో వాటర్‌ప్రూఫ్ అని అమ్మే ప్రతి ప్లైవుడ్డూ పనికిరాదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కావాలి. దాని నమూనా ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదని నిబంధన. ముద్ర చూసి నమ్మడం నాకు చాలదు. తెచ్చిన షీటు అంచు నుంచి చిన్న ముక్క కోసి, పాత గిన్నెలో పొద్దున్నించి రాత్రి దాకా కట్టెల పొయ్యి మీద మరిగించాను. ఉలి పెట్టి లాగినా పొర ఊడలేదు. అంచులో పొరల మధ్య ఖాళీలున్నాయేమో కూడా చూసుకోవాలి, ఖాళీ ఉందంటే నీళ్లకు దారి ఉన్నట్టే.

అతుకు ఏటవాలుగా ఉండాలి. ఎదురెదురుగా పెట్టి అతికితే మొదటి దెబ్బకే ఊడుతుంది. మందానికి ఎనిమిది రెట్లు పొడవున వాలు తీశాను. పలక మందం 15 మిల్లీమీటర్ల లోపు, అంటే వాలు దాదాపు 120 మిల్లీమీటర్లు. ప్లైవుడ్‌కు వాలు తీయడంలో ఒక సుఖముంది. రందా పోయేకొద్దీ ఒక్కో పొరా ఒక్కో చారగా బయటపడుతుంది. చారలు తిన్నగా, ఒకే వెడల్పులో కనిపిస్తే వాలు సమంగా ఉందని అర్థం. ఎక్కడైనా చార వంగితే అక్కడ గుంటో మిట్టో ఉన్నట్టు. గుణ్యా పెట్టి చూడక్కర్లేకుండా చెక్కే చెప్పేస్తుంది. పాత పలకనూ కొత్త ముక్కనూ ఒకదాని మీద ఒకటి మెట్లుగా పేర్చి, రెండిటికీ ఒకేసారి రందా పట్టాను. అలా చేస్తే రెండు వాలులూ ఒకేలా వస్తాయి.

జిగురు దగ్గర మా వృత్తి అలవాటును పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫెవికాల్ పెడితే క్లాంపులు బాగా గట్టిగా బిగిస్తాం. రెసిన్‌లో హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపి చేసే ఎపాక్సీ జిగురుకు అలా కాదు. మరీ బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. ముందు రెండు వాలులకూ పల్చటి ఎపాక్సీ బ్రష్‌తో పూసి, చెక్క తాగినంత తాగనిచ్చాను. పొరల కొసలు బయటపడ్డ చోట చాలా తాగుతుంది, పూసిన కాసేపటికే మళ్లీ పొడిగా కనిపిస్తుంది, మళ్లీ పూయాలి. తర్వాత అదే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి గట్టి పెరుగంత చిక్కగా చేసి రాసి, కింద తిన్నటి ప్లాంకు, దాని మీద పాలిథిన్ కవర్ వేసి, పలక జరగకుండా సన్నటి సీలలు కొట్టి, క్లాంపును చేత్తో తిప్పగలిగినంత మాత్రం బిగించాను. పాలిథిన్‌కూ ప్యాకింగ్ టేపుకూ ఎపాక్సీ అంటదు, అది చాలా ఉపయోగం.

ఎపాక్సీలో కొలత తప్పితే ఇక దిద్దుకునే దారి లేదు. గట్టిపడలేదని హార్డెనర్ కొంచెం ఎక్కువ పోస్తే ఇంకా పాడవుతుంది. నేను తెచ్చిన రకానికి రెసిన్ 100 గ్రాములైతే హార్డెనర్ 10 గ్రాములు. కంపెనీని బట్టీ రకాన్ని బట్టీ ఈ లెక్క మారుతుంది, డబ్బా మీద రాసిందే ప్రమాణం. పది గ్రాములు కొలవాలంటే కిరాణా తూకం చాలదు, బంగారం తూచే చిన్న మిషన్ తెచ్చాను. కలిపాక గ్లాసులోనే ఉంచితే దాని వేడికి అదే ఉడికి, పొగలొచ్చి గట్టిపడుతుంది. మన ఎండల్లో ఇంకా తొందరగా. కలపగానే వెడల్పు ట్రేలోకి వంచాలి, కొంచెం కొంచెంగానే కలపాలి. చేతికి గ్లవుజులు తప్పనిసరి. ఒకసారి హార్డెనర్ ఒంటికి పడకుండా పోతే జీవితాంతం పడదు. ఈ పని మీదే బతికేవాళ్లు కూడా దురదలొచ్చి పని మానుకున్న సందర్భాలుంటాయని ఆ పెద్దాయన చెప్పారు.

ఇంకొకటి, పూత ఏ వేళ వేస్తామన్నది. పొద్దున చల్లగా ఉంది కదా అని అప్పుడు వేయాలనిపిస్తుంది. కానీ పొద్దెక్కేకొద్దీ చెక్క వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, తడి పూతలోంచి బుడగలుగా బయటికొస్తుంది. సాయంత్రం చెక్క చల్లబడే వేళ వేస్తే అదే గాలి కుంచించుకుని పూతను లోపలికి లాక్కుంటుంది. నేను పూతలన్నీ పొద్దుగూకాకే వేశాను. ఒక్క బుడగ లేదు.

బోల్టు కన్నాల పని చిన్నదే అయినా చుక్కానికి అదే ముఖ్యం. సాగిన కన్నంలో కొత్త బోల్టు బిగిస్తే ఏం లాభం లేదు. కన్నాన్ని బోల్టు కంటే దాదాపు రెట్టింపు లావుగా డ్రిల్లుతో తొలిచి, నల్లబడ్డ చెక్కంతా తీసేసి, ఒకవైపు టేపు అంటించి, చిక్కటి ఎపాక్సీతో నిండా నింపాను. అది పూర్తిగా గట్టిపడ్డాక, ఆ ఎపాక్సీ మధ్యలో బోల్టుకు సరిపడా కన్నం వేశాను. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది ఎపాక్సీ గొట్టం, చెక్కకు నీళ్లు తగిలే దారి లేదు, బోల్టు ఎంత ఊగినా చెక్క నలగదు. డ్రిల్లు తిన్నగా దిగడం అవసరం. కింది కొక్కెం, పై కొక్కెం ఒకే గీతలో లేకపోతే చుక్కాని ఒకవైపు బిగిసి, ఒకవైపు వదులై తిరుగుతుంది. అందుకే రెండు కొక్కేల్లోంచీ ఒకే తిన్నటి ఊచ దూర్చి, ఆ ఊచ కదలకుండా పెట్టుకుని గుర్తులు వేశాను. డాగర్‌బోర్డ్ పైభాగాన పట్టు కోసం బిగించే చెక్కల మరలకూ ఇదే పద్ధతి.

తర్వాత పల్చటి ఫైబర్ గుడ్డ. అడుగు కొస, ముందు అంచు చుట్టూ గుడ్డ మడిచి ఎపాక్సీతో అంటించాను. నల్లగొండలో ఫైబర్ పనివాళ్ల దగ్గర దొరికేది ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్. ఫైబర్ మీద ఫైబర్ వేయడానికి అది సరిపోతుంది, చెక్కను మాత్రం గట్టిగా పట్టుకోదు, అందుకే ఎపాక్సీనే వాడాను. గుడ్డ తడిసినచోట గాజులా పారదర్శకమవుతుంది, తడవనిచోట తెల్లగా కనిపిస్తుంది. తెల్ల మచ్చ ఒక్కటి లేకుండా రోలర్‌తో నొక్కాలి. గుడ్డ వేస్తే మందం పెరుగుతుంది కనుక అంతకుముందే అంచుల్లో చెక్కను ఆ మేరకు తీసి ఉంచాను. క్లాస్ కొలత దాటకూడదు కదా.

అప్పటికి వానాకాలం వచ్చింది, చినుకులు పడ్డాయి. గాలిలో తేమ ఉన్నప్పుడు ఆరిన ఎపాక్సీ మీద మైనం పొర తేలుతుంది, చేతికి జిడ్డుగా తగులుతుంది. దాని మీదే సాండ్ పేపర్ పట్టినా, తర్వాతి పూత వేసినా పట్టదు. నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్దితే సులువుగా పోతుంది.

ఇక ఆకారం. నా వరకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ సమయం పట్టిందీ దీనికే. అడుగున్నర పొడవున్న తిన్నటి చెక్కకు సాండ్ పేపర్ అతికించి, దాంతోనే గీకాను. చేతివేళ్లతో గీస్తే మెత్తటి చోట ఎక్కువ పోతుంది, పలకంతా గుంటలవుతుంది. పలక మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, పొడవు చెక్కతో ఐమూలగా రుద్దితే మిట్టల మీద గీతలు చెరిగిపోతాయి, గుంటల్లో మిగులుతాయి. మిగిలినచోట ఎపాక్సీలో తేలికపాటి పొడి కలిపి రాసి, ఆరాక మళ్లీ గీకడం. రాత్రిపూట లైట్లు ఆర్పి టార్చి పలక మీద వాలుగా పడేటట్టు పెడితే పగలు కనపడని పల్లాలు నీడలై తేలతాయి. ఆ తర్వాత కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసుకున్నాను. చెయ్యి చెప్పేది కంటికంటే నిజం. రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయా అని సన్‌మైకా అచ్చుతో ప్రతి నాలుగు వేళ్ల దూరానా చూశాను. ఒకవైపు వాలు ఎక్కువై ఒకవైపు తక్కువైతే పడవ తిన్నగా పోదు, ఒక పక్కకు లాగుతుంది.

వెనక అంచు మీద కోచ్‌కూ నాకూ ఫోన్‌లో పెద్ద చర్చ నడిచింది. మంచానికైనా బల్లకైనా అంచు గుండ్రంగా తీయడం మా ధర్మం, చేతికి గుచ్చుకోకూడదు. ఆయనేమో వెనక అంచు గుండ్రంగా ఉండనే కూడదన్నారు. గుండ్రటి అంచు దగ్గర నీళ్లు ఎక్కడ విడిపోవాలో తేలక, ఒకసారి ఈ పక్క సుడి, ఒకసారి ఆ పక్క సుడి వదులుతూ పోతాయి. ఆ ఊపుకే పలక వణికి జుయ్‌మంటుంది. సన్నగా చేసి, చివర మిల్లీమీటరో రెండో మందం ఉంచి, మూలలు పదునుగా కోసి వదిలితే నీళ్లు ఒకేచోట తెగిపోతాయి. బ్లేడంత పదును చేస్తే మాత్రం మొదటిసారి ఒడ్డున పెట్టినప్పుడే చిట్లుతుంది. ఆయన చెప్పింది విన్నాక చుక్కాని ఎందుకు కూసిందో అర్థమైంది. పాత పాలిష్ వేసినవాళ్లు ఆ అంచును చక్కగా గుండ్రంగా రుద్దేశారు, దానికి వదులు బోల్టులు తోడయ్యాయి.

పెచ్చులు లేచిన వెనక అంచును నిలబెట్టడానికి ఒక పక్కన ప్యాకింగ్ టేపును అంచు దాటి వేలెడు బయటికి అంటించి, దాన్నే గోడగా చేసుకుని రెండో పక్కనుంచి సిలికా కలిపిన ఎపాక్సీ నింపాను. ఆరాక టేపు లాగేస్తే అద్దంలాంటి పక్క వచ్చింది. స్టీలు స్కేలు ఆనించి గీత గీసి, ఆకురాయితో ఆ గీత దాకా తెచ్చి, మూలల్ని అలాగే పదునుగా వదిలాను. నా చేత్తో అలాంటి అంచు వదలడం అదే మొదటిసారి.

ఎపాక్సీ ఒక్కటే చాలదు. ఎండ తగిలితే పసుపెక్కి, సున్నంలా పొడి రాలుతుంది. పైన ఎండకు తట్టుకునే పూత ఉండాలి. లక్క పాలిష్ నీళ్లు తగిలితే తెల్లబడుతుంది, మెలమైన్ ఇంట్లో సామానుకే. బయటి తలుపులకు వాడే రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) పూత, అల్ట్రావయొలెట్‌కు ఓర్చే రకం తీసుకున్నాను. నేల మీద నీళ్లు చల్లి, ఫ్యాన్ ఆపి, పల్చగా పూతలు వేశాను. పూతకూ పూతకూ మధ్య 320 నంబరు పేపర్. ఆఖరున 600 వాటర్ పేపర్‌తో, నీళ్లు పారే దిక్కున, ముందు అంచు నుంచి వెనక అంచుకు రుద్దాను. దాంతో మెరుపు పోయి మసకగా అయింది. షాపులో చూసినవాళ్లు పాలిష్ సరిగ్గా రాలేదా అనడిగారు. నీళ్లకు మెరుపు అక్కర్లేదు, నునుపు కావాలి, ఆకారం కావాలి.

హైదరాబాద్ పంపేముందు రెండు పలకల్నీ తూచి, ఇంటి ముందు నీళ్ల తొట్టిలో రాయి కట్టి ముంచి ఉంచాను. తీసి తుడిచి మళ్లీ తూస్తే బరువు మారలేదు. ఎక్కడా కన్నం లేదన్నమాట.

పడవకు తగిలించే రోజు నేనూ వెళ్లాను. గాడిలో డాగర్‌బోర్డ్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. పలక ఎంత బాగున్నా గాడి వదులైతే గాలి పెరిగినప్పుడల్లా అది ఊగి అంచులు నలుగుతాయి. కోచ్ గాడి లోపలి గోడలకు సన్నటి ప్లాస్టిక్ పట్టీలు అంటించారు, అప్పుడు సాఫీగా దిగి కదలకుండా నిలబడింది. పడవ బోల్తా పడినా పలక తేలిపోకుండా సన్నటి తాడు, చుక్కాని ఊడకుండా క్లిప్పు పెట్టారు. తర్వాత ఒడ్డున నిలబడి పడవ ముందునుంచి చూశాం. డాగర్‌బోర్డ్, చుక్కాని రెండూ ఒకే నిలువు గీతలో కనిపించాలి. కనిపించాయి.

పిల్ల నెక్లెస్ రోడ్ వైపు గాలికి ఎదురుగా నాలుగైదు మలుపులు తిరిగి వచ్చింది. "మామయ్యా, టిల్లర్ వణకట్లేదు. ఇంతకుముందు గట్టిగా పట్టుకోవాల్సొచ్చేది, ఇప్పుడు రెండు వేళ్లు చాలు" అంది. కోచ్ మాత్రం ఏమీ అనకుండా పలక పైకి లాగి వెనక అంచు మీద గోరు పెట్టి చివరిదాకా గీసి చూశారు, తల ఊపారు. నాకు ఆ తల ఊపడమే ఎక్కువ సంతోషం.

వానాకాలం పోటీలు అయ్యాక పలకలు మళ్లీ తెప్పించుకుని చూశాను. అతుకు గీత దగ్గర గోరు పట్టలేదు. కొస మీద రాయి గీసుకుంది గానీ గుడ్డ దాకా పోలేదు. పై బోల్టు తల కింద మాత్రం పీయూలో వెంట్రుకవాసి చీలిక కనిపించింది. బోల్టు విప్పి, ఆరనిచ్చి, ఎపాక్సీ చుక్క వేసి, ఈసారి తల కింద సీలెంట్ పెట్టి బిగించాను. పలకలు ఎండలో ఆనించి పెట్టొద్దనీ, తడి గుడ్డ సంచిలో కుక్కి ఉంచొద్దనీ, మంచినీళ్లతో కడిగి నీడలో వేలాడదీయమనీ పిల్లకు చెప్పాను. చేస్తోంది.

ఇప్పుడు తన స్నేహితుల పలకలు కూడా వస్తున్నాయి. వాటిలో ఒకటి చెక్కది కాదు, లోపల ఫోమ్, పైన ఫైబర్. ఊపితే లోపల నీళ్లు కదులుతున్నాయి. దానికి అడుగున సన్నటి కన్నాలు వేసి తలకిందులుగా కట్టి ఉంచాను. కిరాణా కొట్టు తూకంలో బరువు ఇంకా తగ్గుతూనే ఉంది, అది ఆగాక గానీ చెయ్యి పెట్టను.